కణితి జన్యుక్రమంలోని మ్యుటేషన్ల తీరును బట్టి ఏ డీఎన్‌ఏ మరమ్మతు చెడిందో గుర్తించడం ఎలా: సమగ్ర మార్గదర్శి

హబ్సిగూడ, ఉప్పల్, గచ్చిబౌలి పరిసరాల ప్రయోగశాలల్లో కొత్తగా చేరిన విద్యార్థులూ, హైదరాబాద్ ఆసుపత్రుల్లో ఆంకాలజీ, పాథాలజీ చదువుతున్న యువ వైద్యులూ పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది: "కణితి సీక్వెన్స్ చేతికి వచ్చింది, సాఫ్ట్‌వేర్ నడిపితే ఎస్‌బీఎస్3 అని చూపింది, అంటే బీఆర్‌సీఏ చెడినట్టేనా?" (ఎస్‌బీఎస్ అంటే ఒక్క అక్షరం మార్పుల తీరు, అంటే సిగ్నేచర్; పక్కనున్న సంఖ్య కాస్మిక్ అనే అంతర్జాతీయ జాబితాలో దాని సంఖ్య. బీఆర్‌సీఏ అంటే డీఎన్‌ఏ మరమ్మతు జన్యువు.) అంతమాత్రాన కాదు. సాఫ్ట్‌వేర్ ఇచ్చే పేరు ఒక అనుమానం మాత్రమే. ఆ అనుమానాన్ని నిర్ధారణ దాకా తీసుకువెళ్లే క్రమం ఏమిటో ఈ మార్గదర్శి చెబుతుంది.

డీఎన్‌ఏ అంటే ఏమిటో, సీక్వెన్సింగ్ ఎలా జరుగుతుందో మీకు తెలుసని, కమాండ్ లైన్‌లో కొద్దిపాటి అలవాటు ఉందని అనుకుని రాస్తున్నాను.

1. ముందుగా ప్రశ్నను కాగితం మీద రాసుకోండి

కణితిలో మనకు కనిపించే ప్రతి మ్యుటేషన్ వెనుక రెండు ఘటనలు ఉంటాయి. డీఎన్‌ఏకు గాయమో, నకలు తీసేటప్పుడు తప్పో జరగడం మొదటిది; దాన్ని సరిచేయవలసిన వ్యవస్థ సరిచేయకపోవడమో, తప్పుగా సరిచేయడమో రెండవది. వానాకాలం ముగిశాక నగరంలో మిగిలిన గుంతల లెక్కలో కురిసిన వానతో పాటు మరమ్మతు బృందం ఏ దారికి ముందు వెళ్లిందన్నది కూడా కలిసి ఉంటుంది. ప్రధాన రహదారి గుంత ముందు పూడుతుంది, గల్లీలోది మిగిలిపోతుంది. కణంలోనూ అంతే: చురుకుగా చదవబడుతున్న జన్యువులకు మరమ్మతు ముందు అందుతుంది.

అందుచేత ఏ నమూనా ముందు కూర్చున్నా ఈ మూడు ప్రశ్నలకు విడివిడిగా జవాబు రాయండి.

- డీఎన్‌ఏకు జరిగిన గాయం లేదా నకలు తప్పు ఏమిటి?
- దాన్ని సరిచేయవలసిన వ్యవస్థ ఏది?
- మ్యుటేషన్ మిగిలింది ఆ వ్యవస్థ లేకపోవడం వల్లనా, లేక వ్యవస్థ ఉన్నా గాయాలు దాని శక్తికి మించడం వల్లనా?

మూడవ ప్రశ్నను వదిలేయడమే అత్యధిక పొరపాట్లకు మూలం. అపోబెక్ ఎంజైములను చూడండి. అవి టి పక్కన ఉన్న సిని యురాసిల్‌గా మారుస్తాయి. ఆ యురాసిల్‌ను ఎవరూ ముట్టుకోకముందే నకలు జరిగితే సి→టి మార్పు మిగులుతుంది, దానికి ఎస్‌బీఎస్2 అని పేరు. యూఎన్‌జీ అనే ఎంజైము యురాసిల్‌ను తొలగించి, ఆ ఖాళీని ఆర్‌ఈవీ1 వంటి పాలిమరేజ్ దాటవలసి వస్తే ఎక్కువగా సి→జి మార్పు మిగులుతుంది, అది ఎస్‌బీఎస్13. గాయం ఒక్కటే, మరమ్మతు ఎంతవరకు నడిచిందన్నదాన్ని బట్టి గుర్తు మారింది.

2. నమూనా, సీక్వెన్సింగ్ రకం నిర్ణయించడం

జన్యుక్రమం మొత్తాన్ని చదివితే సాధారణంగా వేలల్లో మ్యుటేషన్లు దొరుకుతాయి, పైగా పెద్ద పునర్వ్యవస్థీకరణలు కూడా కనిపిస్తాయి. ఎక్సోమ్, అంటే ప్రొటీన్లకు సంకేతమిచ్చే భాగాలు, జన్యుక్రమంలో దాదాపు 1 శాతం మాత్రమే. చాలా కణితుల్లో పదుల నుంచి కొన్ని వందల మ్యుటేషన్లకు మించవు. కొన్ని వందల జన్యువుల ప్యానెల్‌లో అవి ఇంకా తగ్గిపోతాయి. నకలు తప్పులను దిద్దే మిస్‌మ్యాచ్ మరమ్మతు చెడిన కణితి ఎక్సోమ్‌లో కూడా బయటపడుతుంది, ఎందుకంటే దాని మ్యుటేషన్ల సంఖ్యే చాలా ఎక్కువ. తెగిన డీఎన్‌ఏను అతికే హోమోలోగస్ రీకాంబినేషన్ లోపాన్ని మాత్రం ఎక్సోమ్‌తో తేల్చబోవడం కష్టం. డబ్బు ఉంటే జన్యుక్రమం మొత్తం చదివించండి, లేకపోతే క్రోమోజోమ్ స్థాయి మచ్చలను కొలిచే పరీక్షను జతచేయండి.

తాజాగా గడ్డకట్టించిన కణజాలం ఉత్తమం. అయితే ఆచరణలో చేతికి వచ్చేవి ఎక్కువగా పాథాలజీ విభాగంలోని ఫార్మలిన్-పారఫిన్ బ్లాకులే. వాటిని తీసుకునే ముందు ఎంతసేపు ఫార్మలిన్‌లో ఉంచారో, అది బఫర్ కలిపిన ఫార్మలినో కాదో అడిగి రాసుకోండి. రొమ్ము కణితుల విషయంలో 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటలు అన్నది ఆమోదిత పరిమితి. పండుగ సెలవులకు ముందురోజు తీసిన నమూనా ఆ పరిమితిని సులువుగా దాటిపోతుంది. తేదీలు చూడకుండా బ్లాకు ఎంచుకోకండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు అందరూ మొదట కోసేసేది, అదే రోగి సాధారణ నమూనా. రక్తం నుంచి తీసిన డీఎన్‌ఏను కూడా చదివించి, పుట్టుకతో వచ్చిన వేరియంట్లను కణితి జాబితా నుంచి తీసివేయాలి. అంతర్జాతీయ డేటాబేస్‌లలో లేని వేరియంట్ అంతా కణితిలో పుట్టిందే అనుకునే పద్ధతి మన దగ్గర ఘోరంగా విఫలమవుతుంది. దక్షిణాది సమాజాలు ఆ డేటాబేస్‌లలో తమ వైవిధ్యానికి తగినంతగా లేవు. పైగా తరతరాల అంతర్వివాహాల వల్ల ప్రపంచంలో అరుదైన వేరియంట్ ఒక సమాజంలో మామూలుగా ఉంటుంది. వైశ్యులలో కనిపించే బ్యూటిరిల్‌కోలిన్‌ఎస్టరేజ్ లోపం దీనికి తెలిసిన ఉదాహరణ. 10,000 మంది జన్యుక్రమాలను చదివిన జీనోమ్‌ఇండియా ప్రాజెక్టు, అందులో భాగస్వామి అయిన మన సీసీఎంబీ కృషి ఈ లోటును కొంత తగ్గించాయి కానీ, ఒక వ్యక్తికి మాత్రమే ఉన్న అరుదైన వేరియంట్లను ఏ డేటాబేస్ కూడా పట్టలేదు.

తీసివేయకుండా మిగిలిన పుట్టుక వేరియంట్లు పట్టికలో ఎస్‌బీఎస్1, ఎస్‌బీఎస్5 లాగా కనిపిస్తాయి. తరతరాలుగా మనిషి వంశకణాల్లో జరిగే మార్పుల తీరు కూడా అదే కావడం దీనికి కారణం. వందలాది అలాంటి వేరియంట్లు కలిస్తే అసలు సంకేతం వాటి కింద కూరుకుపోతుంది.

సరిచూసుకోవలసినవి:

- కణితి కణాల శాతం పాథాలజిస్టు చూసి రాశారా?
- రక్త నమూనా అదే రోగిదని జన్యురూపాలు పోల్చి నిర్ధారించారా?
- కణితికి, రక్తానికి ఒకే కిట్, ఒకే రిఫరెన్స్ జన్యుక్రమం వాడారా?
- రోగికి అంతకుముందు ఇచ్చిన కీమోథెరపీ, రేడియేషన్ వివరాలు ఉన్నాయా?

చివరిది మరచిపోవద్దు. ప్లాటినం మందులు ఎస్‌బీఎస్31, ఎస్‌బీఎస్35 అనే గుర్తులను, టెమోజోలమైడ్ ఎస్‌బీఎస్11 అనే గుర్తును వదులుతాయి. చికిత్స చరిత్ర తెలియకపోతే మందు చేసిన పనిని మరమ్మతు లోపంగా చదివే ప్రమాదం ఉంది.

3. మ్యుటేషన్ల జాబితాను శుభ్రం చేయడం

మ్యూటెక్ట్2, స్ట్రెల్కా2 వంటి రెండు పద్ధతులతో విడిగా జాబితాలు తీసి, రెండింటిలోనూ ఉన్నవాటితో మొదలుపెట్టడం మంచిది. ఆ తరువాత, మీ ప్రయోగశాలలో అదే యంత్రం మీద చదివిన సాధారణ నమూనాల సమూహంలో పదేపదే కనిపించే వాటిని తొలగించండి.

ఇక్కడ రెండు కృత్రిమ మ్యుటేషన్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అవి మరమ్మతు లోపాన్నే అనుకరిస్తాయి.

మొదటిది ఫార్మలిన్ వల్ల వచ్చే సి→టి. ఫార్మలిన్ బ్లాకులలో సైటోసిన్లు యురాసిల్‌గా మారి ఉంటాయి, వాటిని యంత్రం టిగా చదువుతుంది. లైబ్రరీ తయారీకి ముందు యురాసిల్‌ను తొలగించే ఎంజైముతో శుద్ధి చేయని నమూనాలో ఈ కృత్రిమ తీరు ఎస్‌బీఎస్30ను పోలి ఉంటుంది. ఎస్‌బీఎస్30 అంటే ఎన్‌టీహెచ్‌ఎల్1 జన్యువు చెడినప్పుడు, అంటే బేస్ ఎక్సిషన్ మరమ్మతు లోపంలో కనిపించే గుర్తు! శుద్ధి చేస్తే సమస్య తీరిపోయిందనుకోకండి; మిథైల్ ఉన్న సైటోసిన్ యురాసిల్‌గా కాక నేరుగా థైమిన్‌గా మారుతుంది, దాన్ని ఆ ఎంజైము గుర్తించదు. కాబట్టి శుద్ధి చేసిన బ్లాకులో మిగిలిన కృత్రిమ తీరు ఎస్‌బీఎస్1ను పోలి ఉంటుంది. తక్కువ శాతం రీడ్లలో మాత్రమే కనిపించే సి→టి మార్పులను ఒక గడప (శాతం హద్దు) పెట్టి విడదీసి, గడపకు పైనా కిందా ఉన్నవాటి పట్టికలు వేరువేరుగా గీసి పోల్చండి.

రెండవది డీఎన్‌ఏను ముక్కలు చేసేటప్పుడు గ్వానిన్ ఆక్సీకరణం చెందడం వల్ల వచ్చే సి→ఎ. ఇది కణితిలోనే జరిగే ఆక్సీకరణ గుర్తులైన ఎస్‌బీఎస్18, ఎస్‌బీఎస్36 అని భ్రమింపజేస్తుంది. అసలు మ్యుటేషన్ జత రీడ్లు రెండింటి దిశలోనూ సమానంగా కనిపిస్తుంది. ఈ కృత్రిమ మార్పు ఒక దిశకే మొగ్గుతుంది. రీడ్ దిశ పక్షపాతాన్ని కొలిచే ఫిల్టరును తప్పనిసరిగా నడపండి.

4. పట్టికలు తయారు చేయడం

ఒక్క అక్షరం మార్పులను సి, టిల వైపు నుంచి రాస్తే ఆరు రకాలు వస్తాయి: సి→ఎ, సి→జి, సి→టి, టి→ఎ, టి→సి, టి→జి. ప్రతిదానికీ ఎడమ పక్కన నాలుగు, కుడి పక్కన నాలుగు అక్షరాల అవకాశాలు కలిపితే 6 × 4 × 4 = 96 గడులు. పక్కపక్కన ఉన్న రెండు అక్షరాల మార్పులకు 78 గడుల పట్టిక, చిన్న చేర్పులు, తొలగింపులకు 83 గడుల పట్టిక వాడుకలో ఉన్నాయి.

సిగ్‌ప్రొఫైలర్ మ్యాట్రిక్స్ జనరేటర్ గానీ, ఆర్ భాషలోని మ్యుటేషనల్ ప్యాటర్న్స్ ప్యాకేజీ గానీ ఈ పని చేస్తుంది. మూడు పట్టికలూ తయారు చేయండి. 96 గడుల బొమ్మ ఒక్కటే గీసి ఆగిపోయేవారు చాలామంది. మరమ్మతు విషయంలో అసలు కథ తరచూ 83 గడుల పట్టికలోనే ఉంటుంది.

రెండు జాగ్రత్తలు. జాబితా ఏ రిఫరెన్స్ వెర్షన్‌దో, పట్టికకు ఏ వెర్షన్ ఇచ్చారో ఒకటే అయి ఉండాలి, లేకపోతే పక్క అక్షరాలన్నీ తప్పు వస్తాయి. ఎక్సోమ్‌లో మూడక్షరాల గుంపుల దామాషా జన్యుక్రమం మొత్తంలో ఉన్నట్టు ఉండదు, అందులో సీజీ జంటలు ఎక్కువ. కాబట్టి కాస్మిక్ జాబితాతో పోల్చేముందు ఎక్సోమ్‌కు తగిన సవరణ చేయండి.

5. సాఫ్ట్‌వేర్‌కు ముందు కంటితో చదవండి

బొమ్మలు గీసి, పేర్లు పెట్టకుండా కొంతసేపు చూడండి. మొత్తం ఎన్ని మ్యుటేషన్లు? ఒక్క అక్షరం మార్పులతో పోల్చితే చేర్పులు, తొలగింపులు ఎంత? తొలగింపులు ఒకే అక్షరం వరుసల్లో ఉన్నాయా, లేక ఐదు అక్షరాలకు మించిన పెద్ద ముక్కలా? 96 గడులలో శిఖరాలు ఉన్నాయా, లేక చదునుగా ఉందా?

ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు రాసిపెట్టుకుంటే తరువాత సాఫ్ట్‌వేర్ అసంబద్ధంగా చెప్పినప్పుడు మీకే తెలిసిపోతుంది. ఈ అడుగు వేయని విద్యార్థి నివేదికను నేను నమ్మను.

6. సిగ్నేచర్లను కేటాయించడం

రెండు పనులు వేరువేరు. కొత్త సిగ్నేచర్లను సమాచారం నుంచే వెలికితీయడం ఒకటి. దానికి నాన్-నెగటివ్ మ్యాట్రిక్స్ ఫ్యాక్టరైజేషన్ వాడతారు, పెద్ద సంఖ్యలో నమూనాలు కావాలి. తెలిసిన సిగ్నేచర్లను ఒక నమూనాకు అమర్చి చూడడం రెండవది. చేతిలో ఒకటో పదో నమూనాలు ఉన్నవారు చేయవలసింది రెండవ పనే.

అమర్చేటప్పుడు కాస్మిక్ జాబితా మొత్తాన్ని ఇవ్వకండి. ఎన్ని సిగ్నేచర్లు ఇస్తే అన్నిటికీ కొంచెం కొంచెం వాటా ఇచ్చి, లెక్క అందంగా కుదిరినట్టు చూపడం ఈ పద్ధతి స్వభావం. ఇలా చేయండి.

- ఆ అవయవపు కణితుల్లో ఇంతకుముందు కనిపించిన సిగ్నేచర్లను మాత్రమే ఎంచుకోండి.
- వయసుతో పాటు పెరిగే ఎస్‌బీఎస్1, ఎస్‌బీఎస్5లతో మొదలుపెట్టండి.
- ఒక్కొక్కటే చేర్చి, అమరిక గణనీయంగా మెరుగుపడితేనే ఉంచండి.
- మ్యుటేషన్లను యాదృచ్ఛికంగా మళ్లీ మళ్లీ ఎంపిక చేసి, ప్రతిసారీ ఆ సిగ్నేచర్ నిలుస్తోందో లేదో చూడండి.

కొసైన్ పోలిక (అమరిక అసలు పట్టికకు ఎంత దగ్గరో చెప్పే 0–1 కొలత) 0.95 దాటిందని సంబరపడవద్దు. మ్యుటేషన్లు చాలా ఎక్కువ ఉంటే సరికాని అమరికకు కూడా ఆ విలువ వస్తుంది, తక్కువ ఉంటే సరైన అమరికకు కూడా రాదు. ఎస్‌బీఎస్3, ఎస్‌బీఎస్5, ఎస్‌బీఎస్8, ఎస్‌బీఎస్40 అన్నీ చదునైనవి. ఒకదాని వాటా మరొకదానికి జారిపోవడం మామూలే. ఎక్సోమ్‌లో 50 మ్యుటేషన్లు కూడా లేని నమూనాకు ఎస్‌బీఎస్3 వాటాను శాతంలో రాయడం, నా దృష్టిలో, సంఖ్యల మీద గౌరవం లేకపోవడమే.

7. వ్యవస్థల వారీగా ఆధారాలు కూడగట్టడం

7.1 మిస్‌మ్యాచ్ మరమ్మతు

నకలు తీసే పాలిమరేజ్ ఒకే అక్షరం వరుసగా ఉన్న చోట్ల జారుతుంది. ఆ జారుడును సరిచేసేది ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 ప్రొటీన్ల వ్యవస్థ. అది లేనప్పుడు ఐడీ1, ఐడీ2, ఐడీ7 అనే సిగ్నేచర్ల (ఐడీ అంటే చేర్పులు, తొలగింపుల సిగ్నేచర్) గడుల్లో, అంటే ఒక అక్షరం చేర్పు, తొలగింపులలో, ఎత్తైన శిఖరాలు లేస్తాయి. వీటితోనే మైక్రోశాటిలైట్ అస్థిరత, అంటే ఒకే చిన్న వరుస మళ్లీ మళ్లీ వచ్చే చోట్ల పొడవు మారిపోవడం. ఒక్క అక్షరం మార్పులలో ఎస్‌బీఎస్6, 15, 21, 26, 44 ఈ వర్గానికి చెందినవి. ఇవి ఒకదానినొకటి పోలి ఉంటాయి కాబట్టి, వీటిలో ఏది ఎంత అన్న వాదనలో పడకుండా అన్నింటినీ కలిపి ఒకే వాటాగా చెప్పడం మేలు.

ఏ ప్రొటీన్ పోయిందన్నదాన్ని బట్టి తీరు మారుతుంది. ఎంఎస్‌హెచ్6 మాత్రమే పోతే, ఎంఎస్‌హెచ్2 మరో భాగస్వామి ఎంఎస్‌హెచ్3తో కలిసి చేర్పులు, తొలగింపులను కొంతవరకు సరిచేస్తూనే ఉంటుంది. అలాంటి కణితిలో ఒక్క అక్షరం మార్పులు విపరీతంగా ఉండి, మైక్రోశాటిలైట్ పరీక్ష మాత్రం స్థిరంగా ఉందని చెప్పవచ్చు. ఆ పరీక్ష ఒక్కదాన్నే నమ్మి వదిలేస్తే ఈ రోగి తప్పిపోతారు. నాలుగు ప్రొటీన్లకూ ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (కణజాలంలో ప్రొటీన్ ఉందో లేదో రంగుతో చూసే పరీక్ష) చేయించడం ఖర్చు తక్కువ, ప్రయోజనం ఎక్కువ.

ఎంఎల్‌హెచ్1 లేదని తేలితే వెంటనే లించ్ సిండ్రోమ్ (వంశపారంపర్యంగా వచ్చే మిస్‌మ్యాచ్ మరమ్మతు లోపం) అని రాయకండి. ఆ జన్యువును నడిపించే ముందుభాగమైన ప్రమోటర్‌పై మిథైలేషన్ చేరి మూగబోవడం చాలా సాధారణం, అది ఎక్కువగా వయసు మళ్లినవారి పెద్దపేగు కణితుల్లో కనిపిస్తుంది. పెద్దపేగు కణితిలో బీఆర్‌ఏఎఫ్ వీ600ఈ మ్యుటేషన్ ఉంటే అది వంశపారంపర్యం కాకపోయే అవకాశమే ఎక్కువ.

7.2 పాలిమరేజ్ దిద్దుబాటు

పీఓఎల్‌ఈ పాలిమరేజ్ తన తప్పును తానే వెనక్కి వెళ్లి కత్తిరించుకుంటుంది. ఆ కత్తిరించే భాగంలో పీ286ఆర్, వీ411ఎల్ వంటి మార్పులు వస్తే టీసీటీ→టీఏటీ, టీసీజీ→టీటీజీ మార్పులు గుట్టలుగా పడతాయి. ఎస్‌బీఎస్10ఎ, ఎస్‌బీఎస్10బి అంటే అవే. మెగాబేస్‌కు (పది లక్షల అక్షరాలకు) 100కు మించిన మ్యుటేషన్లు ఉండి, చేర్పులు, తొలగింపులు వాటికి తగినన్ని లేకపోతే ముందు ఇక్కడ చూడండి. ఒక్క ప్రతిలో మార్పు చాలు, రెండవ ప్రతి పోనక్కరలేదు.

అయితే మిస్‌మ్యాచ్ మరమ్మతు చెడి వేలాది మ్యుటేషన్లు పోగుపడిన కణితిలో పీఓఎల్‌ఈ జన్యువులో కూడా ఎక్కడో ఒకటి పడి ఉంటుంది. కత్తిరించే భాగానికి బయట ఉన్న అలాంటి మార్పు కారణం కాదు, ఫలితం. రెండు లోపాలూ నిజంగా కలిసినప్పుడు ఎస్‌బీఎస్14 అనే వేరే తీరు వస్తుంది. అది రెండింటి మొత్తం లాగా ఉండదన్నది గమనించండి.

7.3 హోమోలోగస్ రీకాంబినేషన్

డీఎన్‌ఏ రెండు పోగులూ తెగినప్పుడు పక్కనున్న సోదర క్రోమాటిడ్‌ను చూసి తప్పులేకుండా అతకడం ఈ వ్యవస్థ పని. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2, పీఏఎల్‌బీ2, ఆర్‌ఏడీ51సీ ఇందులోవి. అది లేనప్పుడు తెగిన కొసలు తమలో కొన్ని అక్షరాలు కలిసే చోటును వెతుక్కుని అతుక్కుంటాయి, మధ్యలోని భాగం పోతుంది. పాలిమరేజ్ థీటా నడిపే ఈ పద్ధతి వల్లే ఐదు లేదా అంతకు మించిన అక్షరాల తొలగింపు, దాని అంచున చిన్న పోలిక మిగులుతాయి. ఐడీ6 అంటే ఇదే. నా లెక్కలో ఎస్‌బీఎస్3 కన్నా ఐడీ6 నమ్మదగిన సాక్షి, ఎందుకంటే అది ఎలా పుట్టిందో దాని ఆకారంలోనే ఉంది. చదునైన ఎస్‌బీఎస్3 లాగా ఇతర సిగ్నేచర్లలో కలిసిపోదు.

జన్యుక్రమం మొత్తం చదివి ఉంటే పునర్వ్యవస్థీకరణలను కూడా చూడండి. సుమారు 10 కిలోబేస్‌ల (పది వేల అక్షరాల) చిన్న టాండెమ్ డూప్లికేషన్లు (ఒక ముక్క తన పక్కనే రెండోసారి చేరడం) గుంపులుగా ఉంటే బీఆర్‌సీఏ1 వైపు చూపుతాయి. బీఆర్‌సీఏ2 చెడిన కణితిలో అవి అలా ఉండవు, చిన్న తొలగింపులు మాత్రం రెండింటిలోనూ ఉంటాయి. టాండెమ్ డూప్లికేషన్లు ఉన్నాయని మాత్రమే చూసి నిర్ణయించకండి, పరిమాణం కొలవండి: మెగాబేస్ పరిమాణంలో ఉన్నవి సీడీకే12 లోపానికి గుర్తు.

క్రోమోజోమ్ స్థాయిలో మూడు కొలతలు వాడుకలో ఉన్నాయి. 15 మెగాబేస్‌లకు మించిన భాగంలో తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిన ఒక ప్రతి పోవడం, క్రోమోజోమ్ కొస అయిన టెలోమియర్ దాకా సాగే రెండు ప్రతుల అసమతౌల్యం, కనీసం 10 మెగాబేస్‌ల పక్కపక్క ముక్కల మధ్య విరుపులు. ఈ మూడింటి మొత్తానికి ఒక పరీక్ష పెట్టిన గడపను మరో పద్ధతితో తీసిన సంఖ్యకు వర్తింపజేయకండి.

7.4 న్యూక్లియోటైడ్ ఎక్సిషన్ మరమ్మతు

అతినీల కిరణాలు, పొగాకు పొగలోని బెంజోపైరీన్ వంటివి డీఎన్‌ఏ ఆకారాన్ని వంచే గాయాలు చేస్తాయి. వాటిని ముక్కగా కత్తిరించి తీసేది ఈ వ్యవస్థ. దీనికి రెండు శాఖలు: ఎక్స్‌పీసీ గుర్తించే సర్వత్రా శాఖ, ట్రాన్స్‌క్రిప్షన్ ఆగిన చోట సీఎస్‌ఏ, సీఎస్‌బీ ప్రొటీన్లు పిలిచే శాఖ. చర్మ కణితిలో సి→టి, సీసీ→టీటీ మార్పులు ఉండడం కిరణాల గుర్తే తప్ప మరమ్మతు లోపానికి రుజువు కాదు. లోపం ఉందో లేదో తెలియాలంటే 8వ అడుగులోని పోగుల లెక్క కావాలి. మూత్రాశయ కణితుల్లో ఈ వ్యవస్థకు చెందిన ఈఆర్‌సీసీ2 జన్యువులో మ్యుటేషన్ ఉన్నప్పుడు ఎస్‌బీఎస్5 తరహా మార్పులు పెరుగుతాయి. కొత్త శిఖరం రాదు, మామూలుగా ఉండేదే ఎక్కువగా ఉంటుంది.

7.5 బేస్ ఎక్సిషన్ మరమ్మతు

ఇక్కడ మూడు పేర్లు గుర్తుంచుకుంటే చాలు. ఎంయూటీవైహెచ్ రెండు ప్రతులూ పోతే సి→ఎ ప్రధానమైన ఎస్‌బీఎస్36, తరచూ కేఆర్‌ఏఎస్ జీ12సీ తోడుగా. ఎన్‌టీహెచ్‌ఎల్1 పోతే ఎస్‌బీఎస్30. ఎంబీడీ4 పోతే సీజీ జంటల వద్ద అతిగా సి→టి. మూడింటికీ 3వ అడుగులోని కృత్రిమ మార్పులతో పోలిక ఉంది కాబట్టి, జన్యువులో రెండు దెబ్బలు కనిపించనిదే ఈ లోపాలను రాయకండి.

8. మ్యుటేషన్లు ఎక్కడ పడ్డాయో చూడండి

జన్యువు చదవబడేటప్పుడు మూసగా పనిచేసే పోగు మీది గాయం పాలిమరేజ్‌ను ఆపుతుంది, దాంతో మరమ్మతు త్వరగా వస్తుంది. రెండవ పోగు మీది గాయానికి ఆ అదృష్టం లేదు. ఈ తేడాను కొలిస్తే గాయం ఏ అక్షరం మీద జరిగిందో తెలుస్తుంది.

ఇక్కడ అందరూ తడబడే మెలిక ఒకటుంది. మన పట్టికలో ప్రతి మార్పునూ సి, టిల వైపు నుంచి రాస్తాం. కానీ పొగాకు గాయం గ్వానిన్ మీద జరుగుతుంది. మూస పోగు మీది గ్వానిన్ బాగుపడుతుంది, రెండవ పోగు మీది మిగులుతుంది. దానికి ఎదురుగా ఉన్న సి మూస పోగు మీద ఉంటుంది. అందువల్ల ఎస్‌బీఎస్4లో సి→ఎ మార్పులు మూస పోగు మీద ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తాయి, మరమ్మతు అక్కడే విఫలమైందని పొరబడతారు. అతినీల కిరణాల విషయంలో గాయం సి, టిల మీదే కాబట్టి సి→టి మార్పులు రెండవ పోగు మీద ఎక్కువ కనిపిస్తాయి.

ఇప్పుడు లోపాన్ని చదవవచ్చు. ఎక్స్‌పీసీ పోయి ట్రాన్స్‌క్రిప్షన్ శాఖ మాత్రమే మిగిలితే పోగుల మధ్య తేడా ఇంకా పెరుగుతుంది. ట్రాన్స్‌క్రిప్షన్ శాఖే పోతే ఆ తేడా చెరిగిపోతుంది.

తరువాత ప్రాంతాలు. మామూలుగా ఆలస్యంగా నకలయ్యే, బిగుతుగా చుట్టుకున్న ప్రాంతాల్లో మ్యుటేషన్లు ఎక్కువ, ముందుగా నకలయ్యే ప్రాంతాల్లో తక్కువ. గాయాల పంపిణీ కన్నా మరమ్మతు పంపిణీ దీనికి పెద్ద కారణం. ఎంఎస్‌హెచ్6 ప్రొటీన్ చురుకైన జన్యువులపై ఉండే హెచ్3కే36 ట్రైమిథైల్ అనే హిస్టోన్ గుర్తుకు (డీఎన్‌ఏ చుట్టుకునే ప్రొటీన్ మీది రసాయన గుర్తు) అంటుకుంటుంది, అందువల్ల అక్కడ తప్పులు ఎక్కువగా సరిదిద్దబడతాయి. మిస్‌మ్యాచ్ మరమ్మతు పోయిన కణితిలో ఈ ఎత్తుపల్లాలు చదునవుతాయి. జన్యుక్రమాన్ని ఒక్కొక్క మెగాబేస్ ముక్కలుగా విడగొట్టి, నకలు సమయాన్ని బట్టి వరుసపెట్టి గీస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

మెలనోమాలో మరో విశేషం ఉంది: ప్రమోటర్లలో ప్రొటీన్ అంటుకుని ఉన్న చోట మరమ్మతు ఎంజైములకు దారి దొరకక మ్యుటేషన్లు గుమిగూడతాయి. ఒకే ప్రమోటర్ స్థానం అనేక కణితుల్లో మళ్లీ మళ్లీ మారిందని దానికి కేన్సర్‌ను నడిపే జన్యుమార్పు హోదా ఇచ్చేముందు ఈ కారణాన్ని తోసిపుచ్చండి.

9. జన్యువులో కారణాన్ని వెతకడం

మ్యుటేషన్ల తీరు ఫలితం. కారణం జన్యువులో దొరకాలి. పీఓఎల్‌ఈ వంటి మినహాయింపులు తప్ప, మరమ్మతు జన్యువు రెండు ప్రతులూ పనిచేయకపోవాలి. పుట్టుకతో ఒక బీఆర్‌సీఏ1 ప్రతి చెడి ఉన్నా, కణితిలో మంచి ప్రతి మిగిలి ఉంటే మరమ్మతు నడుస్తూనే ఉండవచ్చు. ఈ క్రమంలో వెతకండి.

- పుట్టుక వేరియంట్, అది రోగకారకమేనా?
- కణితిలో రెండవ ప్రతి పోయిందా, లేక దానికీ మ్యుటేషన్ ఉందా?
- పోయింది మంచి ప్రతేనా? కొన్నిసార్లు చెడిన ప్రతే పోతుంది.
- బీఆర్‌సీఏ1, ఆర్‌ఏడీ51సీ, ఎంఎల్‌హెచ్1 ప్రమోటర్లపై మిథైలేషన్ ఉందా?
- జన్యువు మధ్యలో విరిగే పెద్ద పునర్వ్యవస్థీకరణ ఉందా?

చివరి రెండూ ఎక్సోమ్‌లో సాధారణంగా కనిపించవు. కారణం దొరకలేదంటే లోపం లేదని అర్థం కాదు, ఇంకా చూడవలసిన చోట్లు ఉన్నాయని అర్థం.

10. మచ్చ పాతదా, లోపం ఇప్పటిదా

మ్యుటేషన్లు చెరిగిపోవు. మరమ్మతు ఒకప్పుడు చెడి తరువాత తిరిగి వచ్చినా జన్యుక్రమంలో పాత మచ్చలు అలాగే ఉంటాయి. పార్ప్ నిరోధకాలు (హోమోలోగస్ రీకాంబినేషన్ చెడిన కణితులపై వాడే మందులు) లేదా ప్లాటినం తీసుకున్న రోగుల్లో, చెడిన బీఆర్‌సీఏ జన్యువులోనే మరో చిన్న తొలగింపు జరిగి చదివే వరుస మళ్లీ కుదిరిపోవడం తెలిసిన విషయమే. విచిత్రమేమిటంటే ఆ రెండవ తొలగింపు అంచున కూడా తరచూ అదే పోలిక ముక్క ఉంటుంది. ఆ కణితి ఐడీ6తో నిండి ఉన్నా మందుకు లొంగదు.

కాబట్టి మ్యుటేషన్లను అన్ని కణాల్లోనూ ఉన్నవి, కొన్నిటిలోనే ఉన్నవి అని విడగొట్టి, రెండు గుంపులకూ విడిగా పట్టికలు వేయండి. కొన్ని కణాల్లోనే ఉన్నవాటిలో ఆ గుర్తు తగ్గిపోతే లోపం పాతదై ఉండవచ్చు. చికిత్స నిర్ణయం దీని మీద ఆధారపడితే, మళ్లీ వచ్చిన కణితి నుంచి కొత్త నమూనా అడగండి. మొదటి శస్త్రచికిత్స నాటి బ్లాకు సరిపోదు.

టెమోజోలమైడ్ తరువాత గ్లయోమా అనే మెదడు కణితిలో ఎస్‌బీఎస్11 వెల్లువెత్తడం కూడా కాలక్రమంతోనే అర్థమవుతుంది. ఆ మందు గాయాన్ని సరిచేసే ఎంజీఎంటీ జన్యువు మూగబోయిన కణంలో మందు చేసిన గాయం మిగిలి, మిస్‌మ్యాచ్ మరమ్మతు ఉంటే కణం చనిపోతుంది. ఆ మరమ్మతు కూడా కోల్పోయిన కణం బతికి వేలాది సి→టి మార్పులతో పెరుగుతుంది. అంటే అక్కడ మిస్‌మ్యాచ్ లోపం చికిత్స ఎంపిక చేసినది.

11. తరచూ ఎదురయ్యే చిక్కులు, వాటి సవరణ

*ప్రతి నమూనాలోనూ ఎస్‌బీఎస్3 వస్తోంది.* సిగ్నేచర్ల జాబితా మరీ పెద్దది ఇచ్చారు, లేదా పుట్టుక వేరియంట్లు మిగిలిపోయాయి. జాబితా కుదించి, ఐడీ6 ఉందో లేదో చూడండి.

*ఒకే బ్యాచ్ నమూనాలన్నిటిలో సి→ఎ ఎక్కువగా ఉంది.* ముక్కలు చేసిన రోజున ఆక్సీకరణం జరిగి ఉంటుంది. ఆ బ్యాచ్ రక్త నమూనాల్లో కూడా తక్కువ శాతం రీడ్లలో అదే మార్పు ఉందేమో పరిశీలించండి.

*మైక్రోశాటిలైట్ అస్థిరత ఉందన్నారు, ఐడీ పట్టిక ఖాళీగా ఉంది.* వరుస అక్షరాల చోట్లను ఫిల్టరు మొత్తంగా తీసేసి ఉంటుంది. ఆ ఫిల్టరు సడలించి మళ్లీ జాబితా తీయండి.

*రెండు సాఫ్ట్‌వేర్లు రెండు జవాబులు ఇస్తున్నాయి.* నచ్చినదాన్ని ఎంచుకోవద్దు. రెండింటికీ ఒకే సిగ్నేచర్ జాబితా, ఒకే కాస్మిక్ వెర్షన్ ఇచ్చి పోల్చండి. అప్పటికీ తేడా ఉంటే, ఆ వాటా నిలకడ లేనిదని రాయండి.

12. నివేదిక రాయడం

"ఎస్‌బీఎస్3 ఉంది కాబట్టి బీఆర్‌సీఏ లోపం" అని రాయకండి. ఇలా రాయండి: "ఐడీ6 తరహా తొలగింపులు, 10 కిలోబేస్‌ల పరిధిలో టాండెమ్ డూప్లికేషన్లు, బీఆర్‌సీఏ1లో రోగకారక వేరియంట్‌తో పాటు మంచి ప్రతి నష్టం కనిపించాయి, ఇవి హోమోలోగస్ రీకాంబినేషన్ లోపాన్ని సూచిస్తున్నాయి. నమూనా చికిత్సకు ముందుది." ప్రతి వాక్యంలో ఏది చూశారో, దాని నుంచి ఏది ఊహించారో విడిగా ఉండాలి.

నివేదికతో పాటు జతచేయవలసినవి: మూడు పట్టికల బొమ్మలు, మొత్తం మ్యుటేషన్ల సంఖ్య, కణితి కణాల శాతం, వాడిన సాఫ్ట్‌వేర్, కాస్మిక్ వెర్షన్లు, అమరికకు ఇచ్చిన సిగ్నేచర్ల పూర్తి జాబితా.

పరిశోధన కోసం చేసిన విశ్లేషణ మీద పార్ప్ నిరోధకాన్ని గానీ ఇమ్యునోథెరపీని గానీ నేరుగా మొదలుపెట్టరాదు; గుర్తింపు పొందిన ప్రయోగశాలలో ధ్రువీకరణ జరగాలి. పుట్టుకతో వచ్చిన మరమ్మతు లోపం బయటపడితే అది రోగి ఒక్కరి విషయం కాదు, తోబుట్టువులకూ పిల్లలకూ సంబంధించినది. అందుకే నమూనా తీసుకునే రోజునే, అలాంటి ఫలితం వస్తే తెలుసుకోవాలనుకుంటున్నారా అని అడిగి సమ్మతి పత్రంలో రాయించండి, జన్యు సలహాదారు దగ్గరికి పంపే ఏర్పాటు కూడా అప్పుడే చేసుకోండి.